పేరు గుత్తిది, ఇల్లు నల్లమలది

అనంతపురం జిల్లా గుత్తి అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి రెండు. ఒకటి కొండ మీది కోట, రెండోది రైల్వే స్టేషన్. కానీ యూరప్‌లోనో అమెరికాలోనో అద్దాల పెట్టెల్లో పెద్ద సాలీళ్లను పెంచుకునే సరదా ఉన్నవారిని అడగండి. వారికి కోట తెలియదు, రైలు తెలియదు. వారికి తెలిసిన గుత్తి ఒక సాలీడు. కాళ్లు చాపితే జానెడు వెడల్పు, ఒంటి మీద నెమలి కంఠాన్ని తలపించే నీలం రంగు. వారు దాన్ని 'గూటీ టరాంటులా' అంటారు. ప్రపంచంలోని అందమైన సాలీళ్ల జాబితా ఎవరు రాసినా అందులో ఇది ఉండాల్సిందే.

గమ్మత్తేమిటంటే ఆ సాలీడు గుత్తిలో ఉండదు. బహుశా ఎన్నడూ లేదు.

కథ 1899లో మొదలైంది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో రెజినాల్డ్ ఇన్నెస్ పొకాక్ అనే జంతుశాస్త్రవేత్త ఉండేవాడు. భారతదేశం నుంచి అధికారులు, ఇంజనీర్లు, మతబోధకులు పట్టి పంపే సాలీళ్లు, తేళ్లు, జెర్రులు ఆయన బల్ల మీదికి చేరేవి. అలా చేరినవాటిలో ఒకటి గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. దాని ఒంటి మీద లోహపు మెరుపు చూసి ఆయన 'పోసిలోథేరియా మెటాలికా' అని పేరు పెట్టాడు. మొదటి పదం గ్రీకు నుంచి వచ్చింది. మచ్చల మృగం అని దాని అర్థం. రెండో పదానికి వివరణ అక్కర్లేదు. దొరికిన చోటు గుత్తి అని రాసి ఆయన తర్వాతి సీసా అందుకున్నాడు. మరుసటి ఏడాది, అంటే 1900లో, బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో సాలీళ్లు, తేళ్ల సంపుటి ఆయన పేరుతోనే వెలువడింది. తర్వాత ఆయన లండన్ జంతు ప్రదర్శనశాలకు సూపరింటెండెంటుగా వెళ్లాడు. పులులు, చిరుతల వంటి క్షీరదాల మీద పనిచేసి పేరు తెచ్చుకున్నాడు.

నీలి సాలీడు మాత్రం మాయమైంది. ఏడాది కాదు, పదేళ్లు కాదు, 102 ఏళ్లు. ఈ మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ జాతి గురించి లోకానికి తెలిసిందల్లా ఆ పాత వర్ణన, ఆ పాత నమూనా. గుత్తి చుట్టూ ఉన్నవి రాళ్ల గుట్టలు, ముళ్ల తుప్పలు. పెద్ద చెట్ల తొర్రల్లో కాపురముండే సాలీడుకు అక్కడ పనేమిటన్న ప్రశ్న అడిగినవారు తక్కువ.

చివరికి 2001లో అది మళ్లీ కనిపించింది. గుత్తిలో కాదు. అక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల ఈశాన్యంగా, నంద్యాల-గిద్దలూరు మధ్య ఉన్న నల్లమల రిజర్వు అడవిలో. అప్పుడు గాని చిక్కుముడి వీడలేదు. నల్లమల గుండా గుంతకల్లు నుంచి గుంటూరు వైపు సాగే రైలు మార్గం 19వ శతాబ్దం చివరి దశకాల్లో పడింది. ఆ రోజుల్లో రైల్వేకు కలప కావాలి. పట్టాల కింద స్లీపర్లకు కావాలి, వంతెనలకు కావాలి. అడవిలో కొట్టిన దుంగలు రైలెక్కేవి. ఏదో ఒక దుంగ తొర్రలో ముడుచుకుని కూర్చున్న సాలీడు కూడా దాంతోపాటే ప్రయాణం చేసి గుత్తి డిపోలో దిగి ఉండాలన్నది శాస్త్రవేత్తల ఊహ. అంటే ఈ జాతిని లోకానికి పరిచయం చేసింది గొడ్డలే. ఇల్లు కూలినప్పుడు బయటపడిన ప్రాణికి, అది చేరిన స్టేషన్ పేరు స్థిరపడిపోయింది.

ఒక కొత్త జాతిని 'వర్ణించడం' అంటే ఏమిటో, అందులో ఒక్క మాట తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పత్రికల్లో 'కొత్త సాలీడు కనుగొన్నారు' అన్న వార్త తరచుగా కనిపిస్తూ ఉంటుంది. రెండు పేరాలు, ఒక ఫోటో, అంతే. చదివినవారికి కలిగే అభిప్రాయం ఏమిటంటే, ఎవరో అడవిలోకి వెళ్లారు, ఇంతవరకూ ఎవరూ చూడనిదాన్ని చూశారు, పేరు పెట్టారు అని. వాస్తవానికి చూడటం ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగం. కొత్త జాతుల్లో చాలావాటిని ఎప్పుడో ఎవరో చూసే ఉంటారు. అవి మ్యూజియం సీసాల్లో 'గుర్తించనివి' అన్న చీటీతో ఏళ్ల తరబడి మునిగి ఉంటాయి. కష్టమంతా అది కొత్తదని రుజువు చేయడంలోనే ఉంది.

నల్లమల సాలీడు జానెడుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. అడవి సాలీళ్లలో అత్యధికం పెసరగింజంత, ఆవగింజంత. అవి ఆకుల అడుగున, రాలిన ఆకుల చెత్తలో, బెరడు పగుళ్లలో ఉంటాయి. వాటి కోసం పరిశోధకుడు కొమ్మ కింద తెల్లగుడ్డ పరిచి పైనుంచి కర్రతో కొడతాడు. కొందరు గొడుగును తిరగేసి పట్టుకుంటారు. రాలిన ఆకులను జల్లెడ పడతారు. రాత్రిపూట నుదుటికి లైటు కట్టుకుని తిరిగితే నేల మీద తిరిగే కొన్ని సాలీళ్ల కళ్లు ఆ వెలుగులో మెరుస్తాయి. పట్టినదాన్ని ఆల్కహాల్ నింపిన చిన్న సీసాలో వేసి లోపల ఒక చీటీ పెడతారు. ఏ ఊరు, ఏ అడవి, ఏ తేదీ, ఎంత ఎత్తు, ఏ చెట్టు, ఎవరు పట్టారు. ఆ చీటీ లేకపోతే సీసాలో ఉన్నది శాస్త్రానికి దాదాపు నిరుపయోగం. చీటీ తప్పుగా ఉంటే నిరుపయోగం కన్నా హీనం. గుత్తి ఉదంతం చెప్పేది ఇదే.

ఆ తర్వాత సూక్ష్మదర్శిని కింద పని మొదలవుతుంది. సాలీళ్లలో ఎక్కువ జాతులకు ఎనిమిది కళ్లు. అవి ఏ వరుసల్లో, ఎంత ఎడంగా ఉన్నాయన్నదాన్ని బట్టి కుటుంబం తెలుస్తుంది. కానీ జాతిని తేల్చేది కళ్లు కాదు, రంగు అంతకన్నా కాదు. జననాంగాలు. మగ సాలీడుకు నోటి పక్కన ఉండే రెండు పొట్టి అవయవాల చివర్లు ఉబ్బెత్తుగా, కొక్కేలతో, వంపులతో ఉంటాయి. ఆడ సాలీడు పొట్ట అడుగున వాటికి సరిపోయే నిర్మాణం ఉంటుంది. దీన్ని తాళం, తాళంచెవితో పోలుస్తారు. ఒకే చెట్టు మీద, ఒకే రంగులో, ఒకే పరిమాణంలో ఉన్న రెండు సాలీళ్లు వేర్వేరు జాతులని చెప్పేది మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని ఒక ముల్లు కావచ్చు. అందుకే పూర్తిగా ఎదగని సాలీడు దొరికితే పరిశోధకుడు నిట్టూర్చి వదిలేస్తాడు. దానికింకా తాళమూ లేదు, చెవీ లేదు.

ఆ భాగాలను అన్ని వైపుల నుంచీ బొమ్మ గీయాలి. ప్రతి కాలులోని ప్రతి కణుపునూ కొలవాలి. తర్వాత అసలు పరీక్ష. అదే ప్రజాతిలో ఇంతవరకూ ప్రపంచంలో ఎవరు ఏ జాతిని వర్ణించినా, ఏ భాషలో రాసినా, అవన్నీ తీసి పోల్చి చూడాలి. జంతువుల పేర్లకు సాధారణంగా 1758 మొదటి మెట్టు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకం వచ్చిన ఏడాది అది. సాలీళ్లకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. అంతకు ఏడాది ముందే, 1757లో, కార్ల్ క్లర్క్ అనే మరో స్వీడన్ వాసి సాలీళ్ల మీద పుస్తకం వేశాడు. ఆ పేర్లను కూడా అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది. అంటే పోల్చి చూడాల్సింది రెండున్నర శతాబ్దాలకు పైబడిన రాత. పోలికలో ఎక్కడైనా అదే జాతి బయటపడితే కొత్త పేరు చెల్లదు. పాత పేరుదే హక్కు.

అన్నీ దాటితే ఒక నమూనాను ఆ పేరుకు ఆధారంగా ప్రకటించాలి. భూమి తగాదాలో మూలపత్రం లాంటిది ఇది. రేపు ఎవరైనా ఈ జాతి నిజంగా వేరేనా అని అడిగితే ఆ ఒక్క సీసాను తెరిచి చూడాల్సిందే. భారతదేశపు సాలీళ్ల విషయంలో ఇక్కడే ఒక పాత చిక్కు ఉంది. పొకాక్ కాలంలో వర్ణించినవాటి మూలపత్రాలు చాలావరకు లండన్‌లో ఉన్నాయి. నల్లమలలో దొరికిన సాలీడు కొత్తదా పాతదా అని తేల్చాలంటే పరిశోధకుడు అడవిలోకి ఎంత దూరం నడవాలో లండన్ వైపు అంతకన్నా ఎక్కువ దూరం చూడాలి. అయితే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఇకముందు అలా జరగకుండా కట్టడి చేసింది. దేశంలో కనుగొన్న ఏ కొత్త జాతి నమూనా అయినా ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమ చేయాల్సిందే. 1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటివాటిలో ముఖ్యమైనది. బినయ్ కృష్ణ టికాదర్ వంటివారు దశాబ్దాల పాటు దేశపు సాలీళ్లను వర్ణించింది ఆ సంస్థ నీడలోనే.

ఇంత శ్రమపడి పోగుచేస్తున్న లెక్క ఎంతదాకా వచ్చింది? స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రకృతి చరిత్ర మ్యూజియం ప్రపంచ సాలీళ్ల జాబితాను నిర్వహిస్తోంది. 2022 ఏప్రిల్‌లో అందులో 50,000వ జాతి నమోదైంది. అది దక్షిణ బ్రెజిల్‌లో పొదల మీద వేటాడే ఒక చిన్న గెంతుడు సాలీడు. ఈ 50 వేలకు పట్టిన కాలం 265 ఏళ్లు. ఇంకా సుమారు 50 వేల జాతులు పేరు లేకుండా మిగిలి ఉన్నాయని, వందేళ్ల లోపే వాటినీ నమోదు చేయవచ్చని ఆ జాబితా నిర్వాహకుల అంచనా. భారత్‌లో ఇంతవరకూ లెక్కకెక్కినవి 1,900కు పైగా. నమోదు వేగం పెరిగిందన్నది నిజం. ఆ మిగిలిన 50 వేలు ఉండాల్సిన అడవులు నమోదయ్యేదాకా ఆగుతాయా అన్నదే అసలు ప్రశ్న.

కొత్త సాలీడుకు పేరు పెట్టడంలో ఈ మధ్య ఒక ఒరవడి కనిపిస్తోంది. 2019లో గాంధీనగర్‌లోని గుజరాత్ ఎకలాజికల్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో పనిచేస్తున్న ధ్రువ్ ప్రజాపతి, ఆయన సహ పరిశోధకులు ఒక గెంతుడు సాలీడుకు 'మరెంగో సచిన్‌టెండూల్కర్' అని నామకరణం చేశారు. కొన్ని మిల్లీమీటర్ల ఆ ప్రాణి గుజరాత్, కేరళ, తమిళనాడుల్లో దొరికింది. 2016లో కర్ణాటక పడమటి కనుమల్లో దొరికిన మరో సాలీడు ఎండుటాకులా, కొసతేలిన టోపీలా ఉంటుంది. హ్యారీ పాటర్ కథల్లోని మంత్రపు టోపీ గుర్తొచ్చి దానికి 'ఎరియోవిక్సియా గ్రిఫిండోరి' అని పెట్టారు. 2021లో మహారాష్ట్ర ఠాణే ప్రాంతంలో దొరికిన గెంతుడు సాలీడు 'ఐసియస్ తుకారామి'. 2008 నవంబర్ 26 దాడుల్లో కసబ్‌ను ప్రాణాలతో పట్టుకునేందుకు తన ప్రాణమిచ్చిన ముంబై పోలీసు తుకారాం ఓంబ్లేకు అది నివాళి.

ఈ పేర్లను చూసి నొసలు చిట్లించేవారూ ఉన్నారు. క్రికెటర్‌కూ సాలీడుకూ సంబంధమేమిటని వారి ప్రశ్న. పరిశోధకుల వైపు నుంచి చూస్తే సంబంధం స్పష్టమే. సచిన్ పేరు లేకపోతే ఆ వార్త పత్రికల్లో వచ్చేదే కాదు. జీతం సరిగా లేని, పోస్టులు అరుదుగా పడే, గుర్తింపు దాదాపు శూన్యమైన రంగంలో పనిచేస్తున్నవారికి ఒక్క రోజు పతాక శీర్షిక కూడా చిన్న విషయం కాదు. వర్గీకరణ శాస్త్రం చదివేవారు తగ్గిపోతున్నారన్న దిగులుతోనే కేంద్ర పర్యావరణ శాఖ 1999లో ఒక అఖిల భారత సమన్వయ పథకాన్ని ప్రారంభించాల్సి వచ్చింది. ఇబ్బంది పేరుతో కాదు. మర్నాటికి పాఠకుడికి పేరు గుర్తుంటుంది, అడవి గుర్తుండదు. ఏ చెట్టు మీద దొరికింది, ఆ చెట్టు ఇంకా ఉందా అని అడిగేవారుండరు.

నల్లమల సాలీడు విషయంలో అడిగినవారున్నారు. దురదృష్టవశాత్తూ వారిలో చాలామంది వ్యాపారులు.

కొత్త జాతి వర్ణన అంటే ఒక చిరునామా ప్రకటించడం కూడా. రక్షించేవారికి ఆ చిరునామా ఎంత అవసరమో దొంగకూ అంతే పనికొస్తుంది. నీలి సాలీడు మళ్లీ దొరికిందన్న కబురు పాకిన కొన్నేళ్లలోనే దాని పిల్లలు యూరప్, అమెరికాల్లోని పెంపకందార్ల పెట్టెల్లో కనిపించసాగాయి. తొలి రోజుల్లో ఒక్కోదాని ధర వందల డాలర్లు పలికింది. తర్వాత పెట్టెల్లోనే పిల్లలు పుట్టడంతో ధర తగ్గింది. పెంపకందార్లు దీన్నే తమ సమర్థనగా చూపిస్తారు. తమ దగ్గర వేలల్లో ఉన్నాయి కాబట్టి జాతి అంతరించదని అంటారు. కానీ మొదటి జత ఏ అనుమతితో నల్లమల దాటిందన్న ప్రశ్నకు ఆ వేలల్లో ఒక్కటీ జవాబు చెప్పదు. పైగా పెట్టెలో పుట్టిన సాలీడు అడవికి తిరిగొచ్చే దారి లేదు. ఇవాళ కొత్త సాలీళ్లను వర్ణించే పరిశోధకుల్లో కొందరు, ముఖ్యంగా పెద్ద సాలీళ్ల విషయంలో, దొరికిన చోటును కావాలనే కొంత అస్పష్టంగా రాస్తారు. పొకాక్ తెలియక చేసిన పనిని వారు తెలిసి చేయాల్సి వస్తోంది.

ఈ కష్టాలన్నిటికీ మూలం ఆ రంగే. చిత్రమేమిటంటే అది రంగు కాదు. ఆ వెంట్రుకల్లో నీలి వర్ణద్రవ్యమేదీ లేదు. వాటి లోపలి అతి సూక్ష్మమైన పొరల అమరిక మీద పడిన వెలుతురు చెదిరి నీలంగా తిరిగొస్తుంది. పెద్ద సాలీళ్ల నీలం మీద 2015లో వెలువడిన ఒక పరిశోధన, ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పరిణమించిందని తేల్చింది. ప్రకృతి అన్నిసార్లు ఒకే నీలానికి ఎందుకు తిరిగొచ్చిందన్నది ఇంకా చర్చనీయాంశమే. ఎంత తిప్పి చూసినా మారకుండా, ఎండకు వెలవకుండా ఉండే రంగుల తయారీకి ఈ అమరిక దారి చూపుతుందని పదార్థ శాస్త్రవేత్తల ఆశ. గొడ్డలి వేటుకు బయటపడిన ప్రాణి పరిశ్రమకు పాఠం చెబుతోందన్న మాట.

2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని 'అత్యంత ప్రమాదకర స్థితి'లో ఉన్నట్టు ప్రకటించింది. అంతరించడానికి ముందు మెట్టు అది. అప్పటి అంచనా ప్రకారం దాని ఉనికి వంద చదరపు కిలోమీటర్ల లోపే, అదీ వంటచెరకు కోసం, కలప కోసం కొట్టి చెదిరిపోయిన అడవిలో. 2019లో జెనీవాలో జరిగిన సమావేశం ఈ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చింది. ఆ ఒప్పందం జాబితాలోని ప్రాణులకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చోటు కల్పిస్తూ 2022లో పార్లమెంటు సవరణ చేసింది. మళ్లీ కనిపించాక కాగితం మీద పూర్తి రక్షణ రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. వేలెడంత పార్సిల్‌లో సరిహద్దు దాటగల ప్రాణికి ఇరవై ఏళ్లు చాలా ఎక్కువ కాలం.

ఇక్కడే రాయలసీమకు చెందిన మరో ప్రాణి కథ గుర్తు చేసుకోవాలి. కలివికోడి. అది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900లో, చివరిసారి కనిపించి మాయమైంది. అది కూడా అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని ధ్రువీకరించారు. ఆ తర్వాత జరిగినదంతా తెలిసిందే. ఆ పక్షి కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చాల్సి వచ్చింది.

రెండూ తూర్పు కనుమల ప్రాణులే. రెండూ ప్రపంచంలో మరెక్కడా లేని అరుదైనవే. రెండూ దాదాపు ఒకే సమయంలో మాయమై దాదాపు ఒక శతాబ్దం తర్వాత తిరిగొచ్చినవే. ఒకదానికి అభయారణ్యం దక్కింది. రెండోదానికి ధర పలికింది. తేడా ఎక్కడుందంటే, ఒకదానికి ఈకలున్నాయి, రెండోదానికి ఎనిమిది కాళ్లున్నాయి.

సాలీడు కోసం కాలువ మళ్లించమని ఎవరూ అడగడం లేదు. అది అడిగేది చాలా చిన్నది. ఒక తొర్ర. వయసు మీరిన పెద్ద చెట్టు, అందులో కొమ్మ విరిగి పుచ్చిన చోట ఒక చీకటి గది. ఆ గది ముందు వంకరటింకర గూడు అల్లుకుని, రాత్రి ఎగిరే పురుగుల కోసం కాచుకుంటుంది. తొర్రలు తక్కువైన చోట ఒకే తొర్రలో పలు సాలీళ్లు సర్దుకుంటాయి కూడా. ఆడ సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లకు మించదు. కానీ అటవీ లెక్కల్లో తొర్ర పడిన చెట్టు విలువ తక్కువ. అది కలపకు పనికిరాదు, వంటచెరకుకు ముందు పోయేది అదే. పోయిన అడవి స్థానంలో మొక్కలు నాటి, అన్ని హెక్టార్లు పచ్చబడ్డాయని నివేదిక ఇవ్వవచ్చు. ఆ మొక్కలకు తొర్ర పడాలంటే తరాలు పడుతుంది. పచ్చదనాన్ని ఉపగ్రహం కొలవగలదు. తొర్రను కొలవాలంటే మనిషి నడిచి వెళ్లాలి.

నడిచి వెళితే ఏమవుతుందో చెప్పే కబురు కూడా ఒకటుంది. 2020లో ఈ నీలి సాలీడు తమిళనాడులో జింజీ కోట దగ్గరి పక్కమలై రిజర్వు అడవిలో కనిపించినట్టు వార్తలు వచ్చాయి. నల్లమల నుంచి అది ఎంతో దూరం. వంద చదరపు కిలోమీటర్ల ప్రాణి అనుకున్నది అంతకన్నా విశాలంగా బతుకుతూ ఉండవచ్చు. ఇది ఊరట కలిగించే కబురే. అయితే అందులోనే ఒక మందలింపు కూడా ఉంది. ఇంత పెద్ద, ఇంత మెరిసే సాలీడే ఇన్నేళ్లూ కళ్లబడకుండా ఉండగలిగితే, అదే అడవుల్లోని ఆవగింజంత సాలీళ్ల మాటేమిటి? నల్లమలలో శ్రీశైలం కేంద్రంగా తులసీరావు వంటి పరిశోధకులు, హైదరాబాద్‌కు చెందిన మఖ్సూద్ జావేద్ వంటివారు 2000 దశకంలో సాలీళ్ల జాబితాలు తయారు చేశారు. ఆ జాబితాలు కొనసాగింపును కోరుతున్నాయి. చెట్టు చెట్టూ ఎరిగిన చెంచులు అడవిలోనే ఉన్నారు. కలివికోడిని పట్టించింది విశ్వవిద్యాలయం కాదు, ఐతన్న అన్న సంగతి మరవకూడదు.

సాలీళ్లు లేకపోతే ఏమిటట అని అడిగేవారికి లెక్కల్లోనే జవాబుంది. ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏడాదికి 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల ఆహారాన్ని, అందులో అత్యధికం పురుగులనే, తింటాయని 2017లో ఇద్దరు యూరప్ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఏ ప్రభుత్వమూ సబ్సిడీ ఇవ్వని పురుగుమందు అది.

తెలుగువారికి ఈ ప్రాణితో బంధం కొత్తది కాదు. నేతగాణ్ని సాలె అంటాం, ఇంటి మూలన నేసే ప్రాణిని సాలీడు అంటాం. మగ్గాలు విడిచి సూరత్ మిల్లులకు వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాల బజార్లలో కూడా ఆ మాట అదే. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలెపురుగుదే. పాముకన్నా, ఏనుగుకన్నా ముందు దానికే చోటిచ్చి గుడి కట్టుకున్న జాతి మనది. అయినా పందొమ్మిది వందల పైచిలుకు రకాలకు మన దగ్గరున్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంటి సాలీడు, తోట సాలీడు, గెంతుడు సాలీడు దాటితే నిఘంటువు ఖాళీ. ప్రపంచమంతా ఎరిగిన నల్లమల సాలీడుకు తెలుగులో ఒక పేరంటూ స్థిరపడనే లేదు.

శాస్త్రీయ నామాన్ని ఇక మార్చలేరు. 1899 నాటి పేరే నియమాల ప్రకారం చెల్లుతుంది. ఇంగ్లీషు పేరులోని గుత్తిని కూడా ఎవరూ తీసేయరు. తెలుగు పేరు పెట్టుకునే అవకాశం మాత్రం ఇంకా మిగిలే ఉంది. పెట్టేటప్పుడు అది దిగిన స్టేషన్‌ను కాకుండా ఎక్కిన అడవిని తలచుకుంటే చాలు. చిరునామా సరిగ్గా రాసినప్పుడే ఎవరైనా ఆ ఇల్లు ఉందో పోయిందో చూసి వస్తారు.